నీడలో పెంచిన మొక్కలు

వెర్నా గంజాయి కంకిని తన వైపు వంచుకుని భూతద్దం కంటికి ఆనించింది. పూత మీది జిగురు బొట్లు ఇంకా పాలరంగులోనే ఉన్నాయి. పండిన గుర్తుగా ఎక్కడో ఒకటి తేనెరంగుకు తిరిగింది, అంతే. కంకిని వదిలి పక్క మొక్కకు జరిగింది. అక్కడా అదే. పొద్దున్నించీ ఇదే పని. మోకాళ్లు పట్టేశాయి. వేళ్ల జిగురుకు దుమ్ము అంటుకుని నల్లగా పేరుకుంది.

పడమటి కొండల వెనక, సముద్రం ఉన్న వైపు, ఆకాశం బూడిదరంగుకు మారుతోంది. సాయంత్రానికి వాన అని రేడియో నిన్నటి నుంచీ చెబుతూనే ఉంది.

ఈ కొండ మీద మిగతావాళ్లంతా కోతలు ముగించారు. వాళ్ల మొక్కలు బయలులో, నిండు ఎండలో పెరిగాయి. వెర్నావి దేవదారు చెట్ల కింద ఉన్నాయి. పూర్వం వేసవి రాగానే పోలీసుల హెలికాప్టర్లు కొండల మీద తిరిగేవి కాబట్టి అందరూ చెట్ల కిందే పెట్టేవాళ్లు. అయినా ఒక ఏడు ఆమె తోట వాళ్ల కంట పడింది. ఆమె భర్త డెల్బర్ట్ చేతులకు బేడీలు వేసి తీసుకుపోయారు. ఒక చలికాలమంతా జైల్లో ఉండి, దగ్గుతో తిరిగొచ్చాడు. ఆ దగ్గు మళ్లీ పోలేదు.

ఇప్పుడు చట్టం మారింది, పెంచడానికి లైసెన్సు ఉంది. వసంతంలో డెల్బర్ట్, "ఎండలో పెట్టవే. మనల్నెవరూ వెతకట్లేదిప్పుడు," అన్నాడు. సరేనని నారు మొక్కల్ని బయలులోకి మోసుకెళ్లింది. తల పైన అంత ఆకాశం కనిపించేసరికి ఒక్కదాన్నీ నాటలేకపోయింది. మళ్లీ అన్నిటినీ చెట్ల కిందికే మోసుకొచ్చింది.

మధ్యాహ్నం చిక్కుడు గింజల సూపు తీసుకుని తాము కాపురముంటున్న ట్రైలర్ లోపలికి వెళ్లింది. డెల్బర్ట్ కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. ఎండాకాలం పోయినప్పటి నుంచి తనంతట తాను లేచింది లేదు.

"కోశావా?"

"ఇంకా పాలరంగే."

"పాలో పెరుగో, కోసెయ్యవే. వానొస్తోంది."

"పచ్చిది కోస్తే కొనేవాడు ముక్కు దగ్గర పెట్టుకుని వెనక్కి పంపుతాడు. నాలుగు రోజులాగితే చాలు."

"ఆగమని వానకి చెప్పొచ్చావా?" ఒక చెంచా నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించాడు. "ఇందులో ఉప్పు వేశావా, అది కూడా పండాలని ఆగావా?"

వెర్నా ఉప్పు డబ్బా అందించింది. అతను నవ్వబోయి దగ్గులో పడ్డాడు. ఆమె వీపు నిమురుతూ నిలబడింది. చొక్కా కింద ఎముకలు చేతికి తగిలాయి.

కొండ వాళ్లది కాదు. ఈసారి పంట చేతికి రాకపోతే అమ్మేస్తానని పట్నంలో ఉన్న యజమాని కబురు పంపాడు. అప్పుడు ట్రైలర్ ఖాళీ చెయ్యాలి, డెల్బర్ట్‌ని పట్నంలో ముసలివాళ్ల ఆశ్రమంలో చేర్చాలి. అక్కడ మంచానికీ మంచానికీ మధ్య తెర ఒక్కటే అడ్డం. "అక్కడ మాత్రం నన్ను పెట్టకు," అని అతను ఒక్కసారే అడిగాడు.

ఆమె తిరిగి తోటలోకి వెళ్తుంటే పక్క కొండ ట్రూడీ బండి ఆపింది.

"మా షెడ్డులో ఆరబెట్టడానికి చోటుంది. పొయ్యి కూడా వెలుగుతోంది. ఇద్దరం కలిసి కోస్తే వానకి ముందే బండికి ఎక్కించేస్తాం."

"ఇంకా కాలేదు ట్రూడీ."

"దాచుకోవడం మానవు కదా నువ్వు. ఇప్పుడు హెలికాప్టరొచ్చినా చెయ్యి ఊపి పోతారు."

వెర్నా భూతద్దం తీసుకుని తోటవైపు నడిచింది. ట్రూడీ కాసేపు చూసి, తల అడ్డంగా ఊపి బండి కదిలించింది.

వాన చెప్పిన వేళ కన్నా ముందే వచ్చింది. మొదటి చినుకులకు వెర్నా అన్నిటికన్నా లావు కంకిని పట్టుకుంది. అందులో ఒక చిన్న ఆకు పసుపుపచ్చగా వేలాడుతోంది. లాగగానే ఊడి చేతిలోకి వచ్చింది. కంకిని రెండు బొటనవేళ్లతో చీల్చింది. నడుమంతా బూడిదరంగు బూజు. పక్కది చీల్చింది. దాని పక్కది. నీడలో మంచు ఆరక, కంకులు ఎప్పుడో లోపల కుళ్లడం మొదలుపెట్టాయి. ఇన్ని రోజులూ భూతద్దంతో పైపూత చూసింది గాని, ఒక్క కంకినైనా విప్పి చూడలేదు.

బాగున్నవేవైనా దొరుకుతాయేమోనని వానలోనే నరికింది. కొమ్మ తరవాత కొమ్మ. టార్పాలిన్ మీద వేసినవాటికన్నా బురదలోకి విసిరినవే ఎక్కువయ్యాయి. చివరికి కత్తెర కింద పెట్టేసింది. జుట్టు ముఖానికి అంటుకుపోయింది, చలికోటు తడిసి బరువెక్కింది. "నువ్వు చెప్పిందే నిజం, ఇక తిట్టు," అనాలని మనసులో అనుకుంటూ కిందికి దిగింది.

డెల్బర్ట్ ఆమె వానకోటు ఒళ్లో పెట్టుకుని వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఎందుకు లేచావు నువ్వు? ఎవరు లేవమన్నారు?" అంటూ మెట్లెక్కింది. 

జల్లు అతని ఉత్త పాదాల మీద పడుతోంది. అతను వాటిని వెనక్కి తీసుకోలేదు.

వెర్నా మోకాళ్ల మీద కూర్చుని ఆ పాదాలను చూరు కిందికి జరిపింది. తన చలికోటు అంచుతో తుడవబోయింది. అదీ తడిదే. "పంట పోయింది డెల్బర్ట్," అంది మెల్లగా. చీకటి పడేదాకా అక్కడే కూర్చుంది.

మర్నాడు అతన్ని శ్మశానానికి తీసుకువెళ్లారు. ట్రూడీ వెర్నాను తన బండి ఎక్కించుకుంది.

వసారా కుర్చీలో, అతని ఒళ్లోంచి తీసి పెట్టిన వెర్నా వానకోటు ఉండిపోయింది. లోపలికి మడతపడిన కోటు చేతుల్లో ఒకదాన్ని అతను సరిగ్గా బయటికి తిప్పాడు. రెండోది ఇంకా లోపలే ఉంది.