ఏడుగురి గోడ

చచ్చిపోయినవాళ్ళని మళ్ళీ చంపడం ఎప్పుడైనా చూశారా? ఆ పొద్దున నూలు మిల్లు గోడ దగ్గర అదే జరిగింది. నలుగురు కూలీలు ఇనప రేకులతో గోడ మీది మొహాలు గీకేస్తున్నారు. మేనేజరు నీడలో నిలబడి, "ఆ కన్ను ఇంకా కనపడుతోంది, గట్టిగా గీకరా!" అని అరుస్తున్నాడు. కింద ఒక ముసలమ్మ రాలిన రంగు పెచ్చులు కొంగులోకి ఏరుకుంటోంది. "ఇది మా పిల్ల చెంప" అంటోంది.

ఆ బొమ్మ వేసిన పెయింటరమ్మ పరుగున వచ్చింది. షాపు బోర్డులతో మొదలుపెట్టి, ఇరవై ఏళ్ళలో ఊరూరా గోడలంత బొమ్మలు వేసి బహుమతులు అందుకున్న మనిషి. ఐదేళ్ళ కిందట ఇదే గోడ మీద, ఓనరు అడిగితే, పకపకా నవ్వే పనివాళ్ళని వేసింది. "మేమెప్పుడు నవ్వాం అక్కా ఇలా?" అని మిల్లు ఆడవాళ్ళు అడిగితే జోకనుకుంది. పోయిన నెల షెడ్డు అంటుకుని ఏడుగురు కాలిపోయాకగానీ బుద్ధి రాలేదు. ఆ నవ్వుల మీద తనే సున్నం కొట్టి, బయట తాళం వేసిన తలుపుని లోపలినుంచి బాదుతున్న ఏడుగురిని వేసింది.

"తలుపు తెరిచే ఉంది మేడమ్. కంగారులో వాళ్ళకి కనపడలేదు," అన్నాడు మేనేజరు. "రేపు విచారణ ఆఫీసరు వస్తున్నాడు. పాత నవ్వులే మళ్ళీ వేసిపెట్టండి. లేదంటే ఈ ఊళ్ళో మీకు ఇంకో గోడ దొరకదు."

"నీ మొహం ఉందిగా, దాని మీద వేసుకుంటా," అందామె.

గంటలో యూనియన్ గది మిల్లు పనివాళ్ళతో కిక్కిరిసింది. "మళ్ళీ నేనే వేస్తా. పట్టుకుపోతే పోనీ," అంది పెయింటరమ్మ.

దారాలు అతికే పెద్దక్క కస్సుమంది. "పట్టుకుపోతే పేపర్లో నీ ఫోటో పడుతుంది తల్లీ. మావాళ్ళవి పడవు. గోడ మళ్ళీ గీకేస్తారు."

"మరి మీరు వేస్తారా? బ్రష్షు పట్టారా ఎప్పుడైనా?"

"తెగిన దారం కంటికి ఆనకుండా అతుకుతాం. నువ్వు అతుకు, చూద్దాం!"

గది గొల్లుమంది. పెయింటరమ్మ మొహం మాడింది. గోడ బొమ్మ నమూనా కాగితం తీసి, గళ్ళు గీసి, ముక్కలుగా కత్తిరించి పంచింది. "మొత్తం బొమ్మ సంగతి మర్చిపోండి. మీ ముక్కలో ఉన్నది గోడ మీది గడిలోకి ఎక్కించండి. అంతే."

మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ మూడొందలమంది గోడని కమ్మేశారు. వాచ్‌మన్లు నోళ్ళు తెరిచారు. మిల్లు నూలుకే సుద్ద పూసి, గోడకి బిగించి పట్టి, లాగి కొట్టి గళ్ళు వేశారు. ఒక కన్ను పెద్దదైంది, ఒక చెయ్యి వంకరపోయింది. పెయింటరమ్మ పళ్ళు బిగపట్టుకుంది. తాళం గడి దగ్గర మాత్రం ఆగలేకపోయింది.

"కాగితంలో తాళం ఒక్కటే ఉంది. ఈ గొలుసెక్కడిది?"

పెద్దక్క బ్రష్షు దించలేదు. "నీ కాగితమే తప్పు. గొలుసు రెండు చుట్లు తిప్పి తాళం వేసేవాళ్ళు. రోజూ చూశా."

గోల ఆగిపోయింది. పని పోతుందన్న భయంతో నెల రోజులుగా 'నేను చూశా' అని ఎవరూ పైకి అనలేదు.

"గొలుసులో ఊడిన లంకెకి పచ్చ వైరు చుట్టారు," అంది వెనకనుంచి ఇంకొకావిడ. "అదీ వెయ్యి!"

మళ్ళీ గీకెయ్యకుండా రాత్రంతా వంతులేసుకుని గోడకి కాపలా కాశారు. మర్నాడు ఓనరు కారు వెనకే ఆఫీసరు, పోలీసులు దిగారు. ఇన్‌స్పెక్టరు నేరుగా పెయింటరమ్మ దగ్గరికొచ్చాడు. "ఇది నీ పనేగా?"

"ఒక్క గీత కూడా నాది కాదు. నా తప్పు కూడా వీళ్ళే దిద్దారు."

పోలీసులు ఆమెని రెక్క పట్టి జీపులోకి తోశారు.

ఆఫీసరు గొలుసు ముందు ఆగాడు. "ఊహ సార్, ఆర్టిస్టుల ఊహ," అన్నాడు ఓనరు.

"నేను చూశా. రాసుకో," అంది పెద్దక్క.

"పచ్చ వైరు నేను చూశా," అంది వెనకనుంచి నిన్నటి ఆవిడ. "రాసుకో!"

"తాళంచెవి మేనేజరు జేబులో ఉండేది. రాసుకో!"

ఆఫీసరు చెయ్యి కదల్లేదు.

"పెన్ను లేదా సారూ? బ్రష్షు ఇవ్వమంటావా?"

మిల్లు సైరన్ కూసింది. ఒక్కరు కూడా లోపలికి పోలేదు. మూడొందలమందీ జీపు చుట్టూ నేల మీద కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరు లాఠీ ఎత్తి, లేవమని అరిచాడు.

పెద్దక్క అతనివైపు చూడనే లేదు. ఆఫీసరుతోనే అంది: "ముందు నువ్వు రాయి. జీపు సంగతి తర్వాత."