తెగులు మడి

రెబెకా వంగి మిరప మొక్కను మొదలంటా పీకింది. చిన్న కత్తితో కాండాన్ని నిలువునా చీల్చింది. లోపల గోధుమరంగు చార, తెగులు పట్టిన గుర్తు. దాన్ని గోతంలో పడేసి పక్క మొక్క పట్టుకుంది. అందులోనూ అదే చార. పొద్దు బారెడెక్కేసరికి పదకొండు పీకింది.

గుంటూరు శివార్లలోని ఆ విత్తనాల క్షేత్రంలో పదిహేడేళ్లుగా ఆమె పని ఒక్కటే. ఎండు తెగులుతో చచ్చిన మొక్కల్ని నరికి మడిలో కలపాలి. అందులోనే మంచి నారు నాటాలి. చచ్చినవి పీకేసి, చావని వాటి కాయల్ని విత్తనానికి దాచాలి. మొదటి ఏడాది రెండు వేలల్లో మూడే మిగిలాయి. వాటి విత్తనంలో నలభై నిలిచాయి. ఏడెనిమిదేళ్లకు సాళ్లకు సాళ్లే నిలబడ్డాయి. మార్టూరులో రాళ్లకు పాలిష్ పట్టే భర్త ఊపిరితిత్తుల నిండా దుమ్ముతో పోయిన ఏడాదీ, ఒక్కగానొక్క కూతురు జ్వరంతో పోయిన ఏడాదీ ఆమె నాట్లు మానలేదు. గోళ్ల సందుల్లో మట్టి నల్లగా దిగిపోయింది. నడుం ఇక నిటారు కాదు.

నిరుడు ఆ విత్తనం రైతులకిచ్చారు. దర్శి దగ్గర కౌలుచేసే తమ్ముడు ప్రేమదాసుకు ఆమే చెప్పింది, "కళ్లు మూసుకుని వెయ్యరా, దీనికి చావు లేదు" అని.

మొన్న ఆదివారం వాడు వాడిపోయిన మొక్క పట్టుకుని చర్చి దగ్గరికొచ్చాడు.

"అక్కా, ఎకరన్నరా నిలువునా ఎండిపోయిందే."

తిట్టినా బాగుండేది. ఆ మొక్కను ఆమె చేతిలో పెట్టి బస్సెక్కాడు. అప్పట్నుంచీ ఆమెకు గుండెలో ఏదో పట్టేసినట్టుంది. ఎవరికీ చెప్పలేదు.

శ్రీరమ్య గట్టు మీదికొచ్చింది. ఈ మడిని చూసే శాస్త్రవేత్త ఆమే.

"ఎందుకిలా అయింది మేడమ్?"

"మన మొక్క మారి తెగులుకు దారి మూసింది, రెబెకమ్మా. నేలలో ఆ తెగులు తెచ్చే బూజు కోట్లలో ఉంటుంది. ఏ ఒక్కదాని జన్యువో కాస్త మారి, మూసిన దారి దాటింది. మిగతావి పోయాయి, అది పెరిగింది. మనం మొక్కల్ని ఏరినట్టే మొక్కలూ దాన్ని ఏరాయి."

"అంటే దాన్ని పెంచింది మనమేనా అండీ?"

శ్రీరమ్య గోతంలోంచి ఒక కాండం తీసి చూసి, మళ్లీ అందులోనే పడేసింది.

"మళ్లీ ఏరదాం మేడమ్. ఇన్నిట్లో ఒక్కటి నిలబడదా?"

"పైవాళ్లు మడి ఎత్తేయమన్నారు. సాయంత్రానికి అన్నీ పీకి తగలబెట్టాలి. మనుషుల్ని పంపిస్తాను."

"వద్దండీ. నేనే పీకుతా."

ఎండ ముదిరింది. ఎడమ భుజం లాగుతున్నా ఆమె ఆగలేదు. పీకడం, చీల్చడం, గోతంలో వెయ్యడం. ప్రతిదానిలోనూ చారే.

చివరి సాలులో ఆఖరి మొక్కను పీకి చీల్చింది. లోపల తెల్లగా ఉంది.

మళ్లీ చూసింది. చార లేదు. వేళ్లు మాత్రం సగం నేలలోనే తెగిపోయాయి. కొమ్మన ఉన్నవి రెండే కాయలు, లేత పచ్చివి, విత్తనానికి పనికిరానివి.

"అయ్యో ప్రభువా! నా చేతుల్తోనే!" అంది.

గబగబా చీరంచు చింపింది. చీలిన కాండాన్ని దగ్గరికి నొక్కి కట్టింది. మొక్కను అదే గుంటలో పెట్టి మన్ను అదిమింది. సీసాలో తాగే నీళ్లన్నీ పోసింది. దాని పక్కనే కూర్చుని, చెమట పట్టిన చేత్తో ఆకులకు ఎండ తగలకుండా అడ్డం పెట్టింది. కాసేపటికి ఆ చెయ్యి ఒళ్లోకి జారింది.

సాయంత్రం శ్రీరమ్య వచ్చి పిలిచింది, భుజం పట్టి కదిపింది. అప్పటికే ఒళ్లు చల్లబడింది. క్షేత్రం జీపులో ఆమెను తీసుకెళ్లారు.

బోసిపోయిన మడిలో ఆ ఒక్క మొక్కే మిగిలింది. ఆకులు వేలాడుతున్నాయి. కాండం చుట్టూ నీలం చీరంచు మూడు చుట్లు, బిగించి వేసిన ముడి.