ఏనుగొచ్చే పాట

అల్యూమినియం గొట్టాల మోపును సైకిల్ కడ్డీకి బిగించి, తాడు ముడిని పళ్లతో లాగి చూసుకున్నాడు బిచ్చయ్య. ఆబిడ్స్‌లో టీవీలమ్మే దుకాణంలో అతని పని, కొన్నవాళ్ల మిద్దెలెక్కి యాంటెనా నిలబెట్టడం. మనిషీ గొట్టంలాంటివాడే. సన్నం, పొడుగు. గాలికి ఊగుతాడు. చేతులు చాపి నిలబడితే అతని ఒంట్లోంచే బొమ్మ వస్తుందని దుకాణంలో అనేవారు. నమ్మినవాళ్లూ ఉన్నారు.

నాంపల్లి దాకా అతను ఎక్కని మిద్దె లేదు. టీవీ మొదలవడం మాత్రం ఎన్నడూ చూడలేదు. సాయంత్రం ప్రసారాలకు ముందు ఆ పాట వచ్చే వేళకు అతను పైనే ఉండాలి. బొమ్మ కుదిరేదీ చెదిరేదీ అప్పుడే తెలుస్తుంది. కిటికీలోంచి ఆ బాణీ పైకి తేలి రాగానే, చిన్నప్పుడు తండ్రి భుజాలమీంచి చూసిన జాతర, జనంలోంచి ఊగుతూ వచ్చిన ఏనుగు కళ్లకు కట్టేవి. అంత మంచి పాటకు ఏనుగు రాకుండా ఉంటుందా? తెరమీద వస్తుందనే, తాను చూసినట్టే భార్య జయమ్మకు చెప్పాడు. మొదట అది గున్న. తరవాత దంతాలు మొలిచాయి. దసరా నాటికి అంబారీ, దానిమీద దొరసాని.

"చీరేం రంగు?" అనడిగింది జయమ్మ పొద్దున కూడా.

"టీవీల రంగు కానరాదే, పిచ్చిదాన."

"మంచిది. ఇయ్యాల నేనే చూస్త."

నాంపల్లిలో కొత్త టీవీ కొన్న శ్రీరామమూర్తిగారి భార్య జానకమ్మ, "మీ ఆవిణ్ణి కూడా తీసుకురావయ్యా" అని పిలిచింది. కాదనడానికి బిచ్చయ్యకు నోరు రాలేదు. సాయంత్రం సైకిల్ నడిపించుకుంటూ పోతుంటే గొట్టాలకన్నా ఏనుగే బరువైంది. దారిలో ఆగి ఛాతీ రుద్దుకున్నాడు.

"ఏందయ్యా?"

"ఏం లేదు. నీకొక మాట చెప్పాలె."

"చూసినంక చెప్పు."

ఆ ఇంటికి చేరగానే అతను చెప్పులు విడిచి నిచ్చెనెక్కాడు. గదిలో వీధి వీధంతా కూర్చుంది. జయమ్మకు కిటికీ పక్కన చోటు దొరికింది. గీతల మధ్య పాట మొదలైంది.

"వచ్చిందా?" పైనుంచి బిచ్చయ్య.

"కాస్త ఎడమకి తిప్పవయ్యా" అన్నారు శ్రీరామమూర్తి.

గీతలు పోయాయి. తెరమీద ఒక గుండ్రని గుర్తు తిరుగుతోంది. అంతే. జయమ్మ రెప్ప వేయడం మరిచింది. రోజూ అన్నం వడ్డిస్తూ విన్న ఏనుగు. వాడకట్టులో అందరికీ తాను చెప్పుకున్న ఏనుగు.

"జయమ్మా, వచ్చిందా?" ఈసారి గొంతు పీలగా ఉంది.

గదిలోని వాళ్లంతా ఆమెవైపు తిరిగారు. జయమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఔ, వచ్చింది. దొరసాని గూడ ఉన్నది. చీర ఎర్రది."

పైన నవ్వు వినబడింది.

పాట అయిపోయి వార్తలు మొదలయ్యాయి. జానకమ్మ టీ తెచ్చి, "దిగమనమ్మా, చల్లారిపోతుంది" అంది. జయమ్మ పిలిచింది. మళ్లీ పిలిచింది. శ్రీరామమూర్తి నిచ్చెనెక్కి, పై మెట్టుమీదే నిలిచిపోయారు. బిచ్చయ్య పిట్టగోడకు ఆనుకుని కూర్చున్నాడు. తల వాలిపోయింది. చెయ్యి ఇంకా గొట్టాన్ని పట్టుకునే ఉంది. కింద తెరమీద బొమ్మ చెదరలేదు.

"నవ్విండు గదా" అంది జయమ్మ, శ్రీరామమూర్తి ముఖం చూసి. "ఇప్పుడే నవ్విండు గదా."

నిచ్చెన కింద అతని టైరు చెప్పులు, దిగగానే తొడుక్కోవడానికి వీలుగా, వీధివైపు తిప్పి పెట్టి ఉన్నాయి.