పేర్లన్నీ ఎర్రబడ్డ రోజు

సమ్మమ్మ పెనం ముందు నిలబడి ఏడుస్తోంది. ఏడుస్తూనే జొన్నరొట్టె తిరగేస్తోంది. ఆమె చీర కింది భాగం తడిసిపోయింది. కాళ్ల దగ్గర తెల్లటి టైల్స్ మీద తడి మెల్లగా పరుచుకుంటోంది. హాలుకీ వంటగదికీ మధ్య ఉన్నది అద్దం గోడ. అందరికీ కనిపిస్తోంది.

ఆదివారం మధ్యాహ్నం. హనుమకొండలోని 'ఎర్రమిరప' రెస్టారెంటులో ఒక్క కుర్చీ ఖాళీ లేదు. ముందు టేబుల్ దగ్గర ఒకావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. పక్క టేబుల్ వాళ్లు నవ్వారు. ఒకడు వీడియో తీయడానికి ఫోను ఎత్తాడు.

"ఛీ, గీమె చేసిన రొట్టెలేనా మనం తింటాంది?" అన్నారెవరో.

వంటగదిలో కూరలు వండే ఫ్రాన్సిస్ చూశాడు. కూరగాయలు కోసే శోభారాణి చూసింది. బగారా అన్నం వండే ఎల్లస్వామీ చూశాడు. ఎవరూ కదల్లేదు. ఎవరి ముందు వాళ్లకో చిన్న తెర ఉంది. ఆ తెర మీద గడియారం పరుగెడుతోంది. ఇచ్చిన సమయం దాటితే తెర మీది వాళ్ల పేరు ఎర్రబడుతుంది. కస్టమరు ఫోనులో ఎర్రబడుతుంది, హాల్లోని పెద్ద తెర మీదా ఎర్రబడుతుంది. పేరు పదేపదే ఎర్రబడినవాళ్లను రేపటి నుంచి రావద్దంటారు. అందుకే పక్కన నిలబడ్డ మనిషి అలా తడిసి ఏడుస్తుంటే, ఎవరి చేతులు వాళ్ల పని చేసుకుపోయాయి. తలలు మాత్రం వంగిపోయాయి.

ఆ తెరలనూ ఆ గడియారాన్నీ తయారు చేసిన అమ్మాయి అదే హాల్లో, మూల టేబుల్ దగ్గర కూర్చుని ఉంది. ఆమె పేరు ప్రియాంక. కొత్త యాప్‌ను జనం ఎలా వాడుతున్నారో చూసి రాసుకోవడానికి వచ్చింది. పెన్ను చేతిలోనే ఉండిపోయింది.

రెస్టారెంటు యజమాని కిషన్ రావు ఒకప్పుడు ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అడ్తి వ్యాపారం నడిపాడు. అక్కడ కూలీలను చూపుతో నడిపించేవాడు. ఇక్కడ ఆ పనికి యాప్ పెట్టాడు. "మీ రొట్టె ఎవరు చేస్తాండ్రో, ఎంతసేపు చేస్తాండ్రో మీ ఫోన్లనే చూసుకోండి" అని ఊరంతా బోర్డులు కట్టించాడు. ప్రియాంక మొదట గీసిన బొమ్మలో వంటవాళ్ల తెర అడుగున, గడియారాన్ని కాసేపు నిలపడానికి 'ఆపు' అని ఒక బటన్ ఉండేది. కిషన్ రావు దాని మీద వేలు పెట్టి, "గిదెందుకు బిడ్డా? ఆపుడు అనే మాటే కస్టమర్‌కు కనవడద్దు. తీసెయ్" అన్నాడు. తీసేసింది. తెర చూడడానికి బాగుందని మెచ్చుకున్నాడు. ఆ మెప్పుకు ఆమె ఇంటికి వెళ్లి తల్లికి చెప్పుకుని మురిసింది కూడా.

ఆ బటన్ లేని తెర ముందు ఇప్పుడు సమ్మమ్మ నిలబడి ఉంది.

కిషన్ రావు పరుగున వచ్చాడు. వంటగదిలోకి వెళ్లి సమ్మమ్మ రెక్క పట్టుకుని అద్దం దగ్గరికి తెచ్చాడు. "దండం పెట్టు! తప్పయిందని దండం పెట్టు!" అన్నాడు. సమ్మమ్మ రెండు చేతులూ జోడించింది. చేతులకు జొన్నపిండి ఉంది. తర్వాత వెనక తలుపు నుంచి ఆమెను బయటికి పంపేశారు. ఎల్లస్వామి నేల తుడిచాడు. హాల్లో తినేవాళ్లు మళ్లీ తిన్నారు.

మరునాడు పొద్దున రెస్టారెంటు తెరవకముందే వెనక ఆవరణలో, నల్లా దగ్గర అందరూ ఉన్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. ప్రియాంక వచ్చి గోడ పక్కన నిలబడింది.

"ఆ తెర... అది నేనే చేసిన" అంది. "ఆపు బటన్ మళ్ల పెడత. సారుకు తెల్వకుంట పెడత."

ఫ్రాన్సిస్ ఆమె వైపు చూశాడు. "నువ్వు పెడితవు. రేపు సారు చూస్తడు. నిన్ను ఎల్లగొట్టి ఇంకోన్ని తెస్తడు. వాడు తీసేస్తడు. మాకేమొచ్చె?"

"మరేం చెయ్యాలె అన్నా?"

"ముందుగాల మేం మాట్లాడుకోవాలె. నిన్న మా కండ్ల ముందు గంత జరిగితే ఒక్కలన్న పొయ్యి ఆర్పినమా? నేను ఆర్పిన్నా? ఆర్పలే. కూర కలుపుకుంట నిలబడ్డ. రాత్రి అన్నం తినబుద్ధి కాలే."

ఎల్లస్వామి మెల్లగా అన్నాడు. "మనం పనోళ్లం ఫ్రాన్సిస్. గీ సంగతి పట్టుకొని ఎట్ల కొట్లాడుతం? ఏమని చెప్తం నలుగుర్ల?"

అదీ అసలు చిక్కు. జీతం గురించైతే అరవగలరు. సెలవు గురించైతే అడగగలరు. దీని పేరు నోటితో పలకడానికి ఎవరికీ నోరు రావడం లేదు. ఒకరు 'ఆ సంగతి' అన్నారు. ఇంకొకరు 'అది' అన్నారు. ఆడవాళ్లు నేల చూశారు.

శోభారాణికి కోపం వచ్చింది. "ఒంటికి! ఒంటికి పోవుడు! దానికి పేరు లేదా? నేను ఇంట్లకెల్లి ఎల్లేటప్పుడు గుక్కెడు నీళ్లు గూడ తాగను. ఎందుకంటే ఈడ పోనియ్యరు. నెలసరి అచ్చినప్పుడు నేను పడే బాధ ఎవలకు చెప్పుకోవాలె? నిన్న సమ్మక్క, రేపు నేను."

ఎల్లస్వామి కారుతున్న నల్లాను గట్టిగా తిప్పి కట్టేశాడు.

"నాకు కిడ్నీల రాయి ఉన్నదన్నరు దవాఖానల" అన్నాడు ఎల్లస్వామి. "డాక్టరు నీళ్లు బాగ తాగుమన్నడు. తాగితే పోవాలె గదా."

ఎవరో నవ్వారు. నవ్వి వెంటనే ఆపేశారు. తర్వాత ఒక్కొక్కరూ చెప్పడం మొదలుపెట్టారు. మంట పుడుతుందని ఒకరు, నడుము లాగుతుందని ఒకరు. ఎవరికి వాళ్లు తమకొక్కరికే ఉందనుకుని దాచుకున్న బాధ అది. అందరిదీ ఒకటేనని తెలిసేసరికి, తలలు కొంచెం లేచాయి.

పని అయ్యాక సాయంత్రం పూట వాళ్లు హసన్‌పర్తి పక్కన సమ్మమ్మ ఇంటికి వెళ్లారు. ప్రియాంక కూడా వెళ్లింది. సమ్మమ్మ భర్త వెంకట్రాజం అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "తలుపు తీస్తలేదు. ఎవలో వీడియో ఊరంత పంపిండ్రు. నీళ్లకు గూడ బయటికి ఎల్తలేదు" అన్నాడు.

శోభారాణి తలుపు దగ్గర కూర్చుంది. "సమ్మక్కా, నేను శోభను."

తలుపు మీద మెల్లగా తట్టింది.

"అక్కా, మేం కొట్లాడుదామని అచ్చినం."

"నా పేరు ఎత్తకుండ్రి." అంది సమ్మమ్మ లోపలి నుంచే. "మీ కాళ్లు మొక్కుత. నా పేరు మీద ఏం చెయ్యకుండ్రి. మార్కెట్ల మిరపకాయ తొడిమెలు తీసేటప్పుడు బస్తాల ఎనకకన్న పోయొస్తుంటి. గీ అద్దాల మేడల నన్ను బజార్ల నిలవెట్టిండ్రు. ఇంకా నిలవెడుతరా?"

ప్రియాంక గోడకు ఆనుకుని ఏడ్చింది. క్షమించమని అడగాలని వచ్చింది. అడిగితే తన బరువు దిగుతుంది, సమ్మమ్మది దిగదు. అందుకని అడగలేదు.

ఫ్రాన్సిస్ తలుపు వైపు తిరిగి అన్నాడు. "నీ పేరు ఎత్తం అక్కా. అందరి పేర్లు ఎత్తుతం. నువ్వొక్కదానివి పోయినవని నవ్విండ్రు. అందరం పోతమంటే ఎవలను చూసి నవ్వుతరు?"

తలుపు తెరుచుకోలేదు. కానీ వాళ్లు లేచి వెళ్తుంటే లోపలి నుంచి ప్రశ్న వచ్చింది. "పోయి ఏమంటరు?"

"ఒంటికి పోతానం అంటం" అంది శోభారాణి.

వారమంతా మాట్లాడుకున్నారు. యాప్‌లో కస్టమరుకు 'ఆలస్యానికి కారణం' అని ఒక వరుస కనిపిస్తుంది. అక్కడ ఏ మాటలు రావాలో మార్చే వీలు ప్రియాంక చేతిలో ఉంది. ఆమె మర్యాదగా 'సిబ్బంది అత్యవసర విరామం' అని రాసి చూపించింది.

"అదెవలకు అర్థమైతది?" అన్నాడు ఎల్లస్వామి. "మేమెట్ల అంటే అట్లనే రాయి బిడ్డా. ఇన్ని రోజులు సిగ్గుపడ్డది చాలు."

అతను అన్నట్టే రాసింది. దీనితో తన పని పోతుందని ప్రియాంకకు తెలుసు. కేసు కూడా పెడతారేమోనని భయపడింది. భయపడుతూనే రాసింది.

మళ్లీ ఆదివారం వచ్చింది. హాలు నిండింది. ఆర్డర్లు వరదలా వస్తున్నాయి. ఫ్రాన్సిస్ పొయ్యి ఆర్పాడు. ఎల్లస్వామి గరిటె పక్కన పెట్టాడు. శోభారాణి కత్తి కడిగి బోర్లించింది. ఒకరి వెనక ఒకరు వెనక తలుపు నుంచి బయటికి నడిచారు. ఆవరణలో మూలకు ఒక్కటే బాత్రూమ్. దాని ముందు వరుస కట్టారు.

ఆ వరుసలో ముందు నిలబడేందుకు శోభారాణి వెళ్తుంటే, గేటు దగ్గర సమ్మమ్మ కనిపించింది. కొంగు తల మీదుగా లాక్కుని ఉంది. ఎవరి వైపూ చూడలేదు. నేరుగా వచ్చి అందరికంటే ముందు నిలబడింది.

హాల్లో పెద్ద తెర మీద ఒక్కో పేరూ ఎర్రబడింది. తర్వాత తెరంతా ఎర్రబడింది. జనం తమ ఫోన్లు చూసుకున్నారు. అందరి ఫోన్లలో ఒకటే మాట. 'ఒంటికి పోయినం. ఆగండి.'

ఒకరిద్దరు తిట్టుకుంటూ లేచి వెళ్లిపోయారు. ఒక ముసలాయన బిగ్గరగా చదివి, "పోకుంట ఎట్లుంటరు మరి? మనుషులు కారా?" అని పక్కవాళ్లను అడిగాడు. పక్కవాళ్లు ప్లేట్ల వైపు చూశారు. బయట పార్సిళ్ల కోసం నిలబడ్డ డెలివరీ కార్మికులు గేటు తోసుకుని ఆవరణలోకి వచ్చారు.

"మమ్ముల గూడ ఏ హోటల్ల పోనియ్యరన్నా" అన్నాడొకడు. హెల్మెట్లు చేత్తో పట్టుకుని వాళ్లూ వరుసలో నిలబడ్డారు. వరుస గేటు దాటి రోడ్డు మీదికి వెళ్లింది.

కిషన్ రావు ఊగిపోతూ వచ్చాడు. "ఏంది గీ తమాషా? పొయ్యిలు ఆర్పి ఏం చేస్తాండ్రు?"

"ఒంటికి పోతానం సారూ" అన్నాడు ఫ్రాన్సిస్.

"అందరా? ఒక్కపారేనా?"

"ఒక్కలొక్కలు పోతే పేరు ఎర్రగైతాంది గద సారూ."

నవ్వు లేచింది. కిషన్ రావు ముఖం కందిపోయింది. "మానం మర్యాద లేదా మీకు? ఆడోళ్లు గూడ బజార్ల గిట్ల..."

అప్పుడు సమ్మమ్మ ఇటు తిరిగింది. కొంగు తల మీది నుంచి జారింది. "మానం నువ్వు తీసినవు" అంది. "మొన్న అద్దం కాడ. నాకు ఒంటికి అచ్చింది. పొద్దటి సంది పోనియ్యలే నువ్వు. గంతే జరిగింది. నాకెందుకు సిగ్గు? నీకుండాలె."

ఆమె వెనక్కి తిరిగి బాత్రూమ్ తలుపు తీసుకుని లోపలికి వెళ్లింది.

కిషన్ రావు ఫోను చేస్తే పోలీసులు వచ్చారు. యాప్ పాడుచేసిందని ప్రియాంకను, రెచ్చగొట్టాడని ఫ్రాన్సిస్‌ను జీపెక్కించారు. ప్రియాంక రెక్క పట్టుకున్న మహిళా కానిస్టేబులు జీపులో కూర్చున్నాక, కిటికీ వైపు చూస్తూ నెమ్మదిగా అంది. "బందోబస్తుకు పోయిన రోజు మేం గూడ నీళ్లు తాగం చెల్లె." పట్టు సడలించింది.

వంటగది అలాగే చల్లారిపోయింది. ఆప్రాన్లు విప్పకుండానే అందరూ స్టేషన్‌కు నడిచారు. లోపలికి రానివ్వలేదు. మెట్ల మీదే కూర్చున్నారు. ప్రియాంక తల్లి కృపమ్మ కూడా వచ్చింది. ఆమెను మాత్రం లోపలికి వదిలారు. కూతురిని లాకప్‌లో చూసి కొంగుతో ముఖం కప్పుకుంది. "మాకు ఇజ్జత్ పోయిందే" అని ఏడ్చింది.

"పోలేదమ్మా" అంది ప్రియాంక ఊచల వెనక నుంచి. "పోయింది ఆ బటన్ తీసిన రోజు. గిప్పుడు కాదు." కృపమ్మ చాలాసేపటికి కొంగు తీసి, వెళ్లి మెట్ల మీద వాళ్ల పక్కన కూర్చుంది.

పొద్దు వాలుతుండగా కొందరు ఆడపిల్లలు స్టేషన్ ముందుకు వచ్చారు. వరంగల్ చౌరస్తాలో ఒక పెద్ద బట్టల దుకాణంలో చీరలు చూపించేవాళ్లు. ఒంటి మీద ఒకే రంగు చీరలు, మెడలో దుకాణం కార్డులు. వాళ్లలో ముందున్న పిల్ల కాలు మార్చి కాలు మీద నిలబడుతోంది. పాదాలు వాచి ఉన్నాయి.

"రొట్టెల సమ్మక్క అంటే ఎవలు?" అని అడిగింది.

ఆ పేరు వినగానే సమ్మమ్మ ముఖం ఒక్కసారి వాడిపోయింది. వీళ్లూ ఆ వీడియో చూసే ఉంటారు. తల వంచుకోబోయి, ఆగింది.

"నేనే బిడ్డా."

"మా దుకాణంల పొద్దుందాక నిలవడుడే అక్కా. గిరాకి లేకున్నా కూసోనియ్యరు. కూసుంటే సారు అందరి ముందట తిడుతడు. మీరు ఎట్ల చేసిండ్రో మాకు జర చెప్పుండ్రి."

సమ్మమ్మ మెట్టు మీద పక్కకు జరిగింది. ఎల్లస్వామి జరిగాడు. శోభారాణి, కృపమ్మ జరిగారు. మెట్ల మీద చోటు అయింది.

"చెప్త" అంది సమ్మమ్మ. "ముందుగాల కూసోండ్రి."