ఓరిన్ అమ్మిన ట్రాక్టరు

గడ్డి కోసే ఆ చిన్న ట్రాక్టరును చూడగానే అర్మాన్ బుషే తల అడ్డంగా ఊపాడు. భార్య నడుపుకొచ్చిన చిన్న ట్రక్కు దిగనైనా దిగలేదు. అద్దం దించి, ఓరిన్ షెడ్డులో కోళ్ళ మధ్య నిలబడి ఉన్న ఆ తుప్పెర్ర బండిని ఒక్క చూపు చూశాడు. ఇక చాలన్నట్టు అద్దం పైకెత్తేశాడు.

లొరేన్‌కి ఒళ్ళు మండింది. ఒకప్పుడైతే మొగుడు తల ఊపితే చాలు, ఏ యంత్రం జోలికీ పోయేది కాదు. ఊరి రోడ్లు చదును చేసే పెద్ద బండిని ముప్పై ఏళ్ళు నడిపిన మనిషి అతను. కానీ కిందటి శరదృతువులో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు సగం చచ్చుబడ్డాయి. మాట కూడా నాలుక మీదికి వచ్చి అక్కడే కూర్చుంటుంది. బండి ఏదీ నడపొద్దని డాక్టరు ఖండితంగా చెప్పాడు. ఇంటి వెనక కొండవాలంతా గడ్డి మోకాళ్ళు దాటింది. అందులో కాలు పెడితే పిడుదులు పట్టుకుంటున్నాయి. అర్మాన్ తోసుకుంటూ కోసే బరువైన యంత్రం లొరేన్ చేతులకి లొంగలేదు. బడి వంటగదిలో పొద్దంతా నిలబడి వచ్చే మనిషి, ఎన్నిసార్లని దానితో కుస్తీ పడుతుంది?

"మా ఆవిడ బతికున్నన్నాళ్ళూ దీన్ని గుర్రంలా చూసుకుంది. ఆవిడ పోయాక కోళ్ళు చూసుకుంటున్నాయి," అన్నాడు ఓరిన్ పీస్లీ, సీటు మీది రెట్ట గోకుతూ. ముసలాయన మాటలో ఎప్పుడూ సగం వెటకారం ఉంటుంది, మిగతా సగం ఏమిటో ఎవరికీ తెలియదు.

"నడుస్తుందా?"

"నడిచేది."

"నడిచేది అంటే ఎప్పుడండీ?"

"కిందటేడు కాదు, ఆ ముందేడు." ఇంజను గొంతులో కాస్త పెట్రోలు పోసి తాళం తిప్పాడు. బండి దగ్గింది, నల్లటి పొగ కక్కింది, లోపలున్న ఎలుకల గూడు పీచు పీచుగా గాల్లోకి లేచింది. కోళ్ళు గగ్గోలు పెట్టి పరిగెత్తాయి. అంతలోనే ఆగిపోయింది. "విన్నావుగా అమ్మాయ్, ప్రాణం ఉంది. బ్రేకు మాత్రం అరిగిపోయింది, ముందే చెబుతున్నా. తర్వాత చర్చి ముందు నా పరువు తీయకు."

లొరేన్ ట్రక్కు వైపు చూసింది. అద్దం వెనక మళ్ళీ తల అడ్డంగా ఊగింది.

"తీసుకుంటాను," అంది.

ఇంటికి వచ్చేదాకా అర్మాన్ నోరు విప్పలేదు. ఆ తర్వాత కూడా చాలా రోజులు విప్పలేదు. పక్షవాతం వల్ల వచ్చే మౌనం వేరు, కోపం వల్ల వచ్చే మౌనం వేరు. రెంటికీ తేడా లొరేన్‌కి బాగా తెలుసు.

బడి నుంచి రాగానే ఆమె ఇంటి షెడ్డులోకి వెళ్ళేది. ఇంజను మీది రేకు తీసి ఎలుకల గూడంతా దోసిళ్ళతో ఎత్తి పారేసింది. ఒక బోల్టు దగ్గర ఆగిపోయింది. పానా పట్టుకుని బలమంతా పెట్టింది. కదల్లేదు. తిట్టింది. మళ్ళీ పెట్టింది.

"ఎ... ఎడమ."

తలెత్తి చూస్తే అర్మాన్ చేతికర్ర మీద ఆనుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఏంటి?"

"ఎడమకి! ఎడమకి తిప్పు! బిగించి చంపు... చంపుతున్నావు దాన్ని!"

ఎడమకి తిప్పితే బోల్టు ఊడింది. అర్మాన్ తిరగేసిన బకెట్టు మీద కూర్చున్నాడు. ఆ సాయంత్రం నుంచి పని ఇద్దరిదీ అయింది. చేతులు ఆమెవి, తెలివి అతనిది. పొసగడం మాత్రం అంత తేలిక కాలేదు. అతను ఒక మాట కోసం వెతుక్కుంటుంటే ఆమె ఆగలేక అందించేది. "బెల్టా? గొట్టమా? మూతా?" అతని మొహం కందగడ్డ అయ్యేది.

"నా నోట్లో మాట... నువ్వు లాక్కోకు, లొరేన్."

"నువ్వు చెప్పేదాకా కూర్చుంటే మంచు పడుతుంది!"

ఒకరోజు అతను పానా విసిరికొట్టాడు. అది రేకు గోడకి తగిలి పెద్ద చప్పుడైంది. లొరేన్ చేతులు తుడుచుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. బీన్సు పొయ్యి మీద పెట్టింది, బట్టలు మడతపెట్టింది, ఎంతసేపటికీ అతను రాలేదు. పడిపోయాడేమోనని మళ్ళీ షెడ్డుకి పరిగెత్తింది. వెళ్ళి చూస్తే బకెట్టు మీదే ఉన్నాడు. కార్బొరేటర్‌లోని చిన్న ఇత్తడి ముక్కని కుడిచేతి వేళ్ళ మధ్య ఇరికించుకుని, ఎడమచేత్తో సన్నటి తీగ పెట్టి దాని రంధ్రం తోముతున్నాడు. నుదుటి నిండా చెమట. ఆమెను చూసి ఆ ముక్కని దీపం వైపు ఎత్తాడు. సూదిమొన అంత వెలుగు అందులోంచి కనబడింది.

"చూ...శావా," అన్నాడు.

"చూశాను," అంది. క్షమాపణలు ఇద్దరూ అంతటితో సరిపెట్టుకున్నారు.

సీటు విప్పినప్పుడు కింద రెండు తీగల కొనలు కలిపి మెలిపెట్టి ఉండడం ఆమె కంటపడింది. మనిషి సీటు మీంచి లేస్తే ఇంజను దానంతట అదే ఆగిపోవాలి, అందుకో స్విచ్చు ఉంటుంది, ఎవరో దాన్ని పీకేసి తీగలు కలిపేశారు అని అర్మాన్ నిదానంగా చెప్పాడు. ఈసారి ఆమె మధ్యలో అందుకోలేదు. స్విచ్చుకీ బ్రేకు పట్టీలకీ పట్నంలో కొట్టువాడికి చెప్పింది. తెప్పించడానికి కొన్నాళ్ళు పడుతుందన్నాడు.

"అవి వచ్చేదాకా బండి షెడ్డు దాటొద్దు. విన్నావా?" అంది లొరేన్.

అర్మాన్ సరేనన్నట్టు తల ఊపాడు.

కొత్త ప్లగ్గు, కొత్త బెల్టు, శుభ్రమైన పెట్రోలు వేసి తాళం తిప్పిన సాయంత్రం ఇంజను రెండుసార్లు తడబడి అందుకుంది. చప్పుడు నున్నగా, సమంగా వచ్చింది. అర్మాన్ ఎడమ అరచెయ్యి రేకు మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆ మొహంలో అంత వెలుగు ఆమె చూడలేదు. సంతోషించాల్సింది పోయి ఎందుకో భయం వేసింది. తాళం తీసి తన కోటు జేబులో వేసుకుంది.

ఇంకో తాళం ఓరిన్ అర్మాన్‌కి ఇచ్చి ఉంటాడని ఆమెకి తోచలేదు.

ఆ బుధవారం పొద్దుటి నుంచీ సన్నగా తుంపర. బడి నుంచి వచ్చి ట్రక్కు ఆపిందో లేదో, ఇంటి వెనక నుంచి ఇంజను చప్పుడు వినబడింది. షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. తడిగడ్డిలో రెండు చక్రాల జాడలు కొండ మీదికి పోతున్నాయి. వాటి మధ్య గడ్డి చక్కగా కోసి ఉంది.

పైన, ఆపిల్ చెట్ల దాకా వెళ్ళిపోయాడు. టోపీ పెట్టుకుని, వీపు నిటారుగా పెట్టి, రోడ్డు బండి మీద కూర్చున్నట్టే కూర్చున్నాడు. లొరేన్ కేక వెయ్యబోయి నోరు మూసుకుంది. ఉలిక్కిపడి తల తిప్పితే? చేతిసంచీ పడేసి పైకి నడిచింది, మెల్లగా, పక్కగా చుట్టు తిరిగి, అతనికి ఎదురుగా కనబడేలా.

అతను ఆమెను చూశాడు. తప్పు చేస్తూ దొరికిపోయిన మొహం పెట్టాడు. తర్వాత, ఎందుకో, గేరు మార్చబోయాడు. కుడిచెయ్యి గేరు కర్ర మీదికి వెళ్ళింది కానీ పూర్తిగా తొయ్యలేకపోయింది. గేరు జారిపోయింది. బండి ఒక్క క్షణం ఆగి, వెనక్కి కదిలింది.

అర్మాన్ బ్రేకు తొక్కాడు. తొక్కుతూనే ఉన్నాడు. బండి వెనక్కి జారుతూనే ఉంది.

వాలు కింద, ఇంటికి అవతలి పక్కగా, రాతిగోడ ఉంది. గోడ అవతల వాగు, నిలువులోతు పల్లం. మొదట మనిషి నడక అంత వేగం, తర్వాత పరుగంత. తడిగడ్డి మీద చక్రాలకి పట్టు లేదు. దూకు అని అరవబోయింది. ఆ కాలుతో దూకలేడు. దూకినా బండి కిందే పడతాడు.

"చెట్టు వైపు తిప్పు! అర్మాన్, చెట్టు వైపు!"

విన్నాడో లేదో తెలియలేదు. అంతలో ఎడమచేత్తో స్టీరింగు లాగాడు. బండి వెనక భాగం పక్కకి కొట్టుకుంది, ఓ చక్రం నేలలో పాతుకున్న రాయి ఎక్కింది, బండి మొత్తం ఒరిగి ముసలి ఆపిల్ చెట్టు బోదెకి ధనామని గుద్దుకుంది. తెల్లటి పూరేకులు జలజలా రాలాయి.

ఇంజను ఆగలేదు.

ఆమె చేరుకునేసరికి బండి పక్కకి పడి చెట్టుకి ఆనుకుని ఉంది. గడ్డి కోసే బ్లేడ్లు గాల్లో గిర్రున తిరుగుతున్నాయి, మట్టి, గడ్డి చిమ్ముతున్నాయి. అర్మాన్ వెల్లకిలా పడి ఉన్నాడు, కుడికాలు వెనక చక్రం పైనుండే రేకు కింద ఇరుక్కుంది. పెట్రోలు వాసన. ఇంజను అదురుకి బండి చెట్టు బోదె మీంచి కొంచెం కొంచెంగా జారుతోంది. ఇంకాస్త జారితే బరువంతా అతని ఛాతీ మీదికే వస్తుంది.

"పో!" అన్నాడతను. మాట తడబడకుండా వచ్చింది. "లొరేన్, పో!"

తాళం ఉన్న వైపు బండికీ చెట్టుకీ మధ్య నలిగి ఉంది. చెయ్యి దూరదు. ముందు రేకు మాత్రం గుద్దుడుకి ఊడి తెరుచుకుంది. లోపల ప్లగ్గు మీది నల్లటి టోపీ కనబడింది. బండి బాగుచేసేటప్పుడు దాన్ని తన చేత్తోనే తొడిగింది; అది ఊడితే ఇంజనుకి నిప్పురవ్వ అందదు. గట్టిగా నొక్కు, 'టక్'మనాలి అని ఇతనే చెప్పాడు.

కోటు చెయ్యి వేళ్ళ మీదికి లాక్కుని, బ్లేడ్లకి మొహం తిప్పుకుని చెయ్యి లోపలికి పెట్టింది. టోపీ పట్టుకోగానే కరెంటు మోచెయ్యి దాకా కొట్టింది. వదల్లేదు. లాగింది. రాలేదు. అరిచి మళ్ళీ లాగింది. ఊడి వచ్చింది.

ఇంజను చచ్చింది. బ్లేడ్లు ఇంకా కాసేపు తిరిగి, తిరిగి, ఆగాయి. తుంపర చప్పుడు వినబడింది.

పాత కంచె నుంచి ఓ గట్టి కర్ర పీక్కొచ్చి, రేకు కింద పెట్టి, రాయి ఆనుడు చేసుకుని బరువంతా వేసింది. "ఇప్పుడు లాక్కో!" అర్మాన్ మోచేతుల మీద పాకుతూ కాలు లాక్కున్నాడు. కర్ర వదిలేసింది. ఇద్దరూ తడిగడ్డిలో పక్కపక్కనే పడుకుని ఉండిపోయారు. అతను ఏడుస్తున్నాడు. ఆమెకి మాత్రం ఏడుపు రాలేదు.

చీలమండ విరిగిందన్నారు ఆసుపత్రిలో. అంతటితో పోయింది, అదృష్టవంతుడన్నారు. తిరిగి వచ్చేటప్పుడు ట్రక్కులో లొరేన్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అడిగింది.

"ఎందుకు చేశావు?"

"అడిగితే... వద్దంటావు."

"అవును, వద్దనేదాన్నే."

"అందుకే."

కొంత దూరం పోయాక మళ్ళీ అన్నాడు. "నువ్వు వచ్చేసరికి... కోసి ఉండాలని. రోజంతా నిలబడి... వస్తావు."

ఆమె ట్రక్కు పక్కకి తీసి ఆపింది. "గడ్డి కోసి ఉంటే సరిపోతుందా? ఆ గడ్డిలో నిన్ను వెతుక్కోవాలా నేను? నీకు బుద్ధి ఉందా అసలు?" అంటూ స్టీరింగును గుప్పిళ్ళతో గుద్దింది. అప్పుడు వచ్చింది ఏడుపు.

రెండు రోజులకి ఓరిన్ పీస్లీ తన ట్రక్కు వెనక బండి ఎక్కించే పలకలు వేసుకుని వచ్చాడు. ముసలాయన మొహంలో వెటకారం లేదు.

"తీసుకుపోతాను. మీ డబ్బు మీకిచ్చేస్తాను," అన్నాడు టోపీ తీసి. "ఆ తీగలు కలిపింది నేనే అమ్మాయ్. ఆపిల్ పళ్ళు ఏరడానికి దిగినప్పుడల్లా బండి ఆగిపోతోందని మా ఆవిడ గొడవ చేసేది. బ్రేకు సంగతి చెప్పాను కానీ ఇది చెప్పలేదు. రెండో తాళం కూడా వీడికి నేనే ఇచ్చాను. అడిగాడు, ఇచ్చాను."

లొరేన్ అతన్ని తిట్టడానికి నోరు తెరిచింది. తిట్టవలసినవి చాలా ఉన్నాయి. కానీ వాకిట్లో కుర్చీ మీద, పిండికట్టు కాలు చాపుకుని కూర్చున్న అర్మాన్ కొండ వైపు చూస్తున్నాడు. సగం కోసిన గడ్డి అక్కడక్కడా మళ్ళీ లేస్తోంది.

"తీసుకుపోనీ," అన్నాడు అర్మాన్ నేల చూస్తూ. "దాన్ని చూస్తే... నీకు భయం."

"నా భయం సంగతి నువ్వు తేల్చకు," అంది. ఓరిన్ వైపు తిరిగింది. "బండి ఎక్కడికీ పోదు. మీరు మాత్రం ఆ కోటు విప్పి రండి. వంగిన రేకు కొట్టాలి. పట్టుకునే మనిషి కావాలి."

పట్నం నుంచి స్విచ్చు, పట్టీలు వచ్చాయి. లొరేన్ తొడిగింది, ఓరిన్ పట్టుకున్నాడు, అర్మాన్ చెప్పాడు. ఒక్కో మాట వచ్చేదాకా ఇద్దరూ నోరు మూసుకుని ఆగారు. బ్రేకు పట్టడం మొదట సరిగా కుదరలేదు. మళ్ళీ విప్పారు, మళ్ళీ బిగించారు. షెడ్డు ముందు చదునులో పది అడుగులు పోయి ఆపడం, పది అడుగులు పోయి ఆపడం, విసుగు పుట్టేదాకా లొరేన్ చేత చేయించాడు అర్మాన్.

జూన్‌లో గడ్డి తడి ఆరిన ఒక మధ్యాహ్నం ఆమె బండి మీద కొండ ఎక్కింది. వాలుకి అడ్డంగా పోకు, నిలువునా ఎక్కు, నిలువునా దిగు అని అర్మాన్ చెప్పి పంపాడు. బండి పైకి పోతుంటే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. ఆపిల్ చెట్టు దగ్గర ఆమె కనుమరుగైంది. చప్పుడు మాత్రం వినబడుతోంది. చప్పుడు కొంచెం మారింది. గేరు మార్చిందా? జారిందా? లేవబోయాడు. పిండికట్టు లేవనివ్వలేదు. "లొరేన్!" అని అరిచాడు. ఇంజను చప్పుడులో అది ఎక్కడికి వినబడుతుంది?

చెట్టు పక్క నుంచి ఎర్ర రేకు కనబడింది. నెమ్మదిగా, నిలువుగా దిగి వచ్చింది. అతని ముందు ఆపి, లొరేన్ సీటు మీంచి లేచింది. ఇంజను దానంతటదే ఆగిపోయింది.

అర్మాన్ చొక్కా వీపు తడిసిపోయి ఉంది. ఆమె చూసింది.

"ఎండ," అన్నాడు.

"అవును, ఎండే," అంది లొరేన్. పక్కనే గడ్డిలో కూర్చుని బూట్లు విప్పి, సాక్సుల మీద పిడుదులున్నాయేమో వెతుక్కోసాగింది. "రోడ్డు పక్క చదునులో గడ్డి నేను కొయ్యను. కాలు బాగయ్యాక అది నువ్వు కోసుకో. నేను ఇంట్లో ఉన్నప్పుడు."

అర్మాన్ వెంటనే జవాబు చెప్పలేదు. మాట కోసం వెతుకుతున్నాడో, మరేదైనా ఆలోచిస్తున్నాడో. ఆమె తొందరపెట్టలేదు.