పెంకుల మీద మడికేరి వాన

నమ్మబుద్ధి కానివాళ్లు ఇప్పుడే లేచి పోవచ్చు, పంచె పట్టుకుని ఆపేవాళ్లు ఎవరూ లేరు. కూర్చున్నవాళ్లు మాత్రం కడదాకా కూర్చోవాలి. మధ్యలో "అదెట్లబ్బా" అని అడ్డం వచ్చేవాళ్లకు ఎనభైల మొదట్లో పెనుకొండలో కాసిన ఎండ ఎట్లాంటిదో తెలియదన్నమాట. ఆ ఎండకు కోటగోడ మీద బల్లులు కాళ్లు మార్చి మార్చి నిలబడేవి. ధర్మవరం నుంచి వచ్చిన చీరల వ్యాపారి బస్టాండులో దిగితే, అతని నీడ దిగనని బస్సులోనే కూర్చుండిపోయింది.

అట్లాంటి ఊరికి సాయంత్రం పూట దిక్కు పంచాయతీ పార్కులోని రేడియో. దాన్ని పెట్టే హజరత్‌వలి వంటి రేడియో మనిషి మదరాసు మొదలు బొంబాయి దాకా ఇంకొకడు పుట్టలేదు. గది తాళం తీసి, భుజం మీది తుండుతో సెట్టు తుడిచి, కళ్లు మూసుకుని ముల్లు తిప్పేవాడు. కడప స్టేషన్ గరగర లేకుండా, పక్కింటి మనిషి గోడ మీదుగా మాట్లాడినట్టు పలికేది. వార్తల ముఖ్యాంశాలు తల వంచుకుని వినేవాడు. విన్నాకే నిచ్చెన ఎక్కి, స్తంభం మీది హారన్‌ను ఆ పొద్దు వంతు వచ్చిన వీధివైపు తిప్పేవాడు.

వంతులెందుకంటే, ఎండాకాలంలో ఆ హారన్ నుంచి వార్తలతోపాటు వార్తల్లోని వాతావరణం కూడా వచ్చేది. విశాఖపట్నంలో జల్లులు పడ్డాయని చదివితే హారన్ మూతిలోంచి జల్లు పడేది, నాలుకకు కొంచెం ఉప్పగా తగిలేది. ఢిల్లీ వార్తల్లో కాశ్మీరులో మంచు పడిందన్నారంటే మజ్జిగ అమ్మే కృష్ణమ్మ ఆ మంచు పట్టుకోను కుండ ఎత్తుకుని పరుగెత్తేది. స్త్రీల కార్యక్రమంలో ఆవకాయ కలిపే పద్ధతి చెప్పిన రోజు జనం గిన్నెలు పట్టుకుని గంటసేపు నిలబడినారు గానీ, ఏమీ రాలేదు. వాతావరణం ఒక్కటే వచ్చేది. ముఖ్యాంశాల్లో ఎండ ఉంటే హజరత్‌వలి హారన్‌ను కొండవైపు తిప్పి దిగేవాడు. కొండకు ఎండ కొత్త కాదు గదా.

ఈ వంతులు పెట్టింది ప్రెసిడెంటు గంగాధరప్ప. ఆయనదే ఇంకో కట్టడి కూడా ఉండేది. పార్కు రేడియోలో కడప, ఢిల్లీ తప్ప వేరే ఊరి గొంతు వినిపించకూడదు. హిందూపురం వాళ్లు పొద్దస్తమానం బెంగుళూరు స్టేషనే వింటారని ఆయనకు కడుపుమంట. మన వాన మనకు చాలు అనేవాడు.

పార్కు గోడకు ఆనుకుని ఫాతిమాబీ ఇల్లు. మొగుడు పోయినాక ఆమె ఒక్కతే పట్టుపురుగులు పెంచుకుంటూ ఉండేది. వాళ్లన్న షరీఫ్‌ది గోరంట్లలో అంగడి. ఒంటరి ఆడమనిషి ఈ పురుగులతో ఏం వేగుతుంది, ఇల్లు మూసి వచ్చేయమని రెండేళ్లుగా పోరుతున్నాడు. చివరికి అన్నాచెల్లెళ్లు ఒక మాటకు వచ్చినారు. ఈ ఎండాకాలం పంట నిలబెడితే ఆమె ఇల్లు ఆమెది, పోతే మాత్రం బండి వస్తుంది.

పోవడానికి అంత భయమేమని హజరత్‌వలి ఒకసారి అడిగితే, "మా వదిన మంచిదే వలన్నా. ఆ యింట్లో పొయ్యి మాత్రం ఆమెది" అనింది.

పురుగులు నాలుగో జ్వరం లేచినాయి. పట్టుపురుగు కుబుసం విడిచేముందు మేత మాని పడుకుంటే దాన్నే జ్వరం అంటారు. నాలుగోది లేచినాక ఆవురావురుమని ఆకు తిని, వారంలో గూడు కట్టాలి. కానీ ఆ ఎండకు తట్టల్లోని పురుగులు మేతకు వేసిన రేష్మె ఆకు, అదే మల్బరీ ఆకు, మీద తలలెత్తి గమ్మున ఉండిపోయినాయి. కిటికీలకు కట్టిన తడి గోనెలు ఆమె వెనక్కి తిరిగేలోగా ఆరిపోతున్నాయి.

ఆమె పార్కుకు వచ్చి, హారన్ తన పెంకుల మీదికి తిప్పమని అడిగింది. ఆ పొద్దు వంతు సంత వీధిది. హజరత్‌వలి ఆమె ముఖం చూసి ఇంకేమీ చూడలేదు. సంత వీధి వాళ్లు వచ్చి తగాదా పెట్టుకునేలోగా పని కానిద్దామని, ముఖ్యాంశాలు వినకుండానే నిచ్చెన ఎక్కినాడు. ఇరవై ఏళ్లలో ఆయన చేసిన తప్పు అదొక్కటే, అది కూడా ఉపకారానికి పోయి.

హారన్ పెంకులవైపు తిరిగిందో లేదో, రామగుండంలో వడగాడ్పులని మొదలుపెట్టినారు. హారన్‌లోంచి బట్టీ తలుపు తీసినట్టు సెగ వచ్చింది. నిచ్చెన మీంచి జారి, మోకాలు చీరుకుని, ఆయన స్విచ్చి ఆపేటప్పటికి కిటికీల గోనెలు అప్పడాలైపోయినాయి. తట్టల్లో పావు వంతు పురుగులు నల్లబడి రాలినాయి. సంత వీధి వాళ్లు మాత్రం ఆ సెగ తమకు తప్పిందని ఇంటింటా కొబ్బరికాయ కొట్టినారు.

గోరంట్ల బస్సుకు నోరుంటుంది గదా, మరుసటి మధ్యాహ్నానికే షరీఫ్ ఎద్దులబండితో దిగినాడు. మంచం, పెట్టె, వంటసామాను బండికెక్కించినాడు. మనిషి కఠినుడేం కాదు. ఎక్కించే ప్రతి సామానునూ తుడిచి మరీ ఎక్కించినాడు.

హజరత్‌వలికి ఆ పొద్దు అన్నం సయించలేదు. సాయంత్రం గది తాళం తీస్తుంటే ఫాతిమాబీ వచ్చింది. తిడుతుందేమోనని తల దించుకున్నాడు.

"మిగిలినవి ఇంకా బతికే ఉండాయి వలన్నా. ఈ పొద్దు బెంగుళూరు పెట్టు" అనింది ఆమె.

చిన్నప్పుడు మడకశిరలో అవ్వ దగ్గర పెరిగిన మనిషి, కన్నడం ఆమెకు నీళ్లు తాగినంత. మధ్యాహ్నం ఎదురింటి సుశీలమ్మ ట్రాన్సిస్టరులో బెంగుళూరు వార్తలు విన్నదట. కొడగు కొండల్లోని మడికేరిలో వాన పట్టుకుందన్నారట. ట్రాన్సిస్టరు చిన్నది గనుక అరచేతిలో పట్టేంత వానే వచ్చిందట. ఆమె చెయ్యి చాపింది. ఇంకా తడిగానే ఉంది.

ఎదురుగా కుర్చీలో గంగాధరప్ప. చుట్టూ ఊరంతా. హజరత్‌వలి కడప పెట్టి ముఖ్యాంశాలు విన్నాడు. మళ్లీ ఎండే. జనం ఉసూరుమన్నారు. ఆయన నిచ్చెన ఎక్కి హారన్‌ను ఫాతిమాబీ పెంకులకు గురిపెట్టి, దిగి వచ్చి, అందరూ చూస్తుండగా ముల్లు తిప్పినాడు. హారన్‌లో కన్నడం మోగింది.

గంగాధరప్ప కుర్చీలోంచి సగం లేచినాడు. "ఏమప్పా వలీ, ఏం చేస్తాండావు?"

"ముల్లు జారిందప్పా."

"దానికేమన్నా కాళ్లుండాయా?"

అప్పుడే మడికేరి మాట వచ్చింది. విశాఖ జల్లు వంటిది కాదది. కొడగు కొండలను నాన్చే వాన, హారన్ మూతి పట్టక మెలితిరిగి దూకింది. కాలిన పెంకులు చుయ్యిమని అరిచి, ఆవిరి వదిలి, నల్లబడి చల్లబడినాయి. కాఫీతోట ముఖం చూడనివాళ్లందరికీ కాఫీపూల వాసన కొట్టింది. తుంపరకే గంగాధరప్ప పంచె మోకాళ్ల దాకా తడిసింది. ఇంతలో ఆ నీళ్లు మురిక్కాలువ నిండి సంత వీధి దాకా పోయినాయి.

పురుగుల మీద చుక్క పడకూడదని ఫాతిమాబీ కిటికీలు మూయడానికి పరుగెత్తింది. సాయానికి లోపలికి పోయిన షరీఫ్ తట్టల మధ్య కదలకుండా నిలబడిపోయినాడు. పైకి చూసినాడు. పెంకులు ఎక్కడా కారడం లేదు.

"ఫాతిమా, లోపల కూడా చినుకులు పడతాండాయే?"

"చినుకులు కాదన్నా. ఆకు తింటాండాయి."

అన్ని తట్టల్లోనూ తలలు వంగినాయి. నమలే చప్పుడు ఇల్లంతా పట్టింది. ఉన్న ఆకు చూస్తుండగానే ఈనెలకు వచ్చేసింది. ఫాతిమాబీ వాకిట్లోకి వచ్చి, బండి మీద తన మంచం వైపు ఒకసారి, రేష్మె తోట వైపు ఒకసారి చూసింది.

"సామాను దించన్నా. బండి కావాల. చీకటి పడేలోగా ఆకు కోసుకురావాల" అనింది.

షరీఫ్ తుడిచి ఎక్కించిన సామానంతా దించి, తడిసిన ఎద్దులను తోటదారి పట్టించినాడు. వార్తలు అయిపోవచ్చినాయని హజరత్‌వలి భయంభయంగా ముల్లు మీద చెయ్యి వేస్తే, గంగాధరప్ప పంచె పిండుకుంటూ, "ఆడనే ఉండనీ. ఆకాశం కడపోళ్లదా, బెంగుళూరోళ్లదా?" అన్నాడు. మరుసటి పొద్దు నుంచి కన్నడ వార్తలకు కూడా వంతులు పెట్టినాడు.

వారానికి పురుగులు గూళ్లు కట్టే వెదురు తడికలు, చంద్రికలెక్కి కట్టిన గూళ్లను హిందూపురం మార్కెట్లో కుప్ప పోస్తే, ఆ తెలుపుకు వేలం పాడేవాళ్లు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఫాతిమాబీ ఆ ఇంట్లోనే, ఆ పొయ్యి మీదే ఇంకా ముప్పై ఏళ్లు వండుకుని తినింది.

ఇంకా నమ్మనివాళ్లుంటే గోరంట్ల బస్సెక్కండి. పెనుకొండలో ఆ సాయంత్రం వాన పడలేదని నిరూపిస్తే లాభపడేవాడు లోకంలో ఒక్కడే, ఖాళీ బండితో ఒంటరిగా ఇంటికి పోయినవాడు. ఆయన్నే అడగండి, అంగడి షరీఫ్‌ను.