కొమ్ములు ఊడని కిరీటం

నేను ఒక కిరీటాన్ని. బంగారంతో చేశారనుకునేరు, కాదు. అట్ట, జిగురు, జిగేలుమనే కాగితం, నాలుగు అద్దం ముక్కలు, అంతే. మరీ దగ్గరకొచ్చి చూడకండి, సిగ్గేస్తుంది. పది గజాల దూరం నుంచి చూశారంటే ఇంద్రుడి కిరీటం కూడా నా ముందు దిగదుడుపే.

నన్ను చేసినవాడు కాకినాడలో వేషాల దుకాణం నడిపే పేర్రాజు. వేషానికో కిరీటం చేసుకుంటూ పోతే దుకాణంలో తను నిలబడటానికే చోటుండదని, ఆ మహానుభావుడు నా తలకు మూడు కన్నాలు పెట్టాడు. నడినెత్తిన నెమలి ఈక గుచ్చితే కృష్ణుణ్ణి. అదే కన్నంలో చిన్న జెండా గుచ్చితే భారతమాతను. చెరో పక్కా కొమ్ము దూర్చి మర బిగిస్తే సాక్షాత్తూ యముణ్ణి. ఒకే వారంలో ముగ్గురి పనీ నేనే చేసిన రోజులున్నాయి.

మా దుకాణంలో మనుషులకు పేర్లుండవు. మూటకు కట్టే చీటీ మీద వేషం పేరే రాస్తారు. పేర్రాజు ఫోనులో, "ఆయ్, యముడు బయల్దేరాడండి, పావుగంటలో మీ గుమ్మం ముందుంటాడు" అనేవాడు. పక్క కొట్లో టీ తాగేవాళ్ళు ఆ మాట విని గ్లాసులు కింద పెట్టేసేవారు.

ఆ ఏడు ఆగస్టు పద్నాలుగున హెల్మెట్ పెట్టుకోండహో అని కుర్రాళ్ళు ఊరేగింపు చేశారు. యముడు సత్తిబాబు. ప్రాణం ఎంత విలువైనదో గంటసేపు అందరికీ బోధించి, చివరకు హెల్మెట్ లేకుండానే బండెక్కి ఇంటికి పోయాడు. అంతటితో ఆగినా బాగుండేది. గాలికి కొమ్ములు ఊగుతున్నాయని మరల్లో ఏదో మొండి జిగురు పోశాడు. ఆ సంగతి పేర్రాజుకు చెప్పనే లేదు.

మర్నాడు పొద్దున్నే పేర్రాజు రంగుల పెట్టె, నా మూట పట్టుకుని బడికి వెళ్ళాడు. అక్కడ నా కోసం ఎదురుచూస్తున్న పిల్ల నూకరత్నం, నాలుగో తరగతి. రెండేళ్ళుగా పంద్రాగస్టు నాటికలో ఆమెకు దక్కింది చెట్టు వేషమే. చెట్టుకు మాటలుండవు కదా. ఈసారి కామేశ్వరి టీచర్ చుట్టూ నెల రోజులు తిరిగి భారతమాత వేషం సంపాదించుకుంది. చెప్పాల్సింది ఒక్కటే ముక్క: "నా బిడ్డలారా, కలిసి ఉండండి!" దాన్ని అన్నం తింటూ, జడ వేయించుకుంటూ కూడా వల్లించిందట.

పేర్రాజు కొమ్ము పట్టుకుని తిప్పాడు. కదల్లేదు. మోకాలు ఆనించి లాగాడు. నాకు ప్రాణం పోయినంత పనైంది గానీ కొమ్ము ఊడలేదు.

"రావట్లేదండి బాబూ! ఇంకా లాగితే కిరీటమే రెండు ముక్కలైపోద్ది."

టీచర్ గడియారం చూసుకుని నిట్టూర్చింది. "కొమ్ములున్న భారతమాతేంటండీ, నలుగురూ నవ్వుతారు. పాటతో సరిపెట్టేద్దాం. నువ్వెళ్ళి చెట్ల పక్కన నిలబడమ్మా."

నూకరత్నం కింది పెదవి వణికింది. నాకూ ఏడుపొచ్చింది. అట్టకు తడి మంచిది కాదని బలవంతాన ఆపుకున్నాను.

అంతలో ఆ పిల్ల గేటుకేసి చూసింది. "టీచర్, అక్కడ కట్టిన బుడగలు ఇప్పించండి. ఈ కొమ్ము చుట్టూ కాషాయం, ఆ కొమ్ము చుట్టూ పచ్చవి కడదాం. మధ్యలో నా జడలో మల్లెపూలు పెడితే తెలుపే కదండీ!"

టీచర్ ఒక్క క్షణం ఆలోచించి సరేనంది. కట్టారు. కొమ్ములు మాయమయ్యాయి. నేనే ఒక జెండానైపోయాను.

నూకరత్నం వేదిక ఎక్కగానే చప్పట్లు మోగాయి. గొంతు సవరించుకుని, "నా బిడ్డలారా..." అంది.

ఠాప్! కొమ్ము మొన తగిలి కాషాయ బుడగ పేలింది. ఆ అదురుకు మిగతావీ వరసగా పేలిపోయాయి. ముఖ్య అతిథి గారు బాంబనుకుని కుర్చీ వెనక దాక్కున్నారు. కొమ్ములు రెండూ ఎండలో నిగనిగలాడాయి.

"ఓరి బాబోయ్, యముడ్రా!" అని ఎవరో అరిచారు. ఇక నవ్వులు, తోపులాట, బెంచీలెక్కి గంతులు. సిగ్గుతో నా కాగితం ముడుచుకుపోయింది. ఈ పిల్ల ఇప్పుడు దిగి పారిపోతుందనే అనుకున్నాను.

నూకరత్నం కాలు నేలకేసి కొట్టింది.

"యముణ్ణి కాదు, మీ అమ్మని! కలిసి ఉండమని చెప్తే వినకుండా కొట్టుకుంటుంటే నాకు కొమ్ములు రావేంటి మరి? కూర్చోండి!"

కూర్చున్నారు. పిల్లలే కాదు, గోడ పక్కన నిలబడ్డ పెద్దలూ కూర్చున్నారు. ముఖ్య అతిథి గారు ఉన్నచోటే, నేలమీదే చతికిలబడ్డారు. ఆ తర్వాత మోగిన చప్పట్లు బజారు దాకా వినిపించాయట. నా బతుకులో అంతలా ఎప్పుడూ గర్వపడలేదు.

ఆ కొమ్ములు ఇప్పటికీ ఊడలేదు. కొమ్ముల కృష్ణుణ్ణి ఎవరూ ఒప్పుకోరు కనుక పేర్రాజు వేరే కిరీటం చేసుకుని, నన్ను అద్దాల బీరువాలో పెట్టాడు. నాకు కట్టిన చీటీ మీద వేషం పేరు లేదు. "నూకరత్నం గారిది" అని రాసుంది.

నాలుగో తరగతి పిల్లకు గారేంటని మొన్న ఎవరో నవ్వారు.

పేర్రాజు మాత్రం నవ్వలేదు. "ఆయ్, ఆ రోజు తెర వెనకాల నేను కూడా కూర్చున్నానండి" అన్నాడు.